పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?

పోయిన దసరాకి మా ఇంటి ముందు ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. పోర్షా కేమన్, సెకండ్ హ్యాండు. రెండే సీట్లు. డిక్కీలు మాత్రం ముందొకటి, వెనకొకటి ఉన్నాయి. కానీ రెండూ కలిపినా కాస్ట్‌కోలో మనం నింపే ఒక్క బండి సరుకు పట్టదు. "ఇందులో అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందండీ?" అని అడిగితే మా వారు నవ్వి ఊరుకున్నారు. లివర్‌మోర్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం.

నేను గొడవ చేయలేదు. ఎందుకో చెబుతాను. ఆ ముందు వేసవిలో ఆయన స్నేహితుడొకాయన రాత్రి భోంచేసి పడుకుని తెల్లారి లేవలేదు. మాతో పాటే హెచ్-1 మీద ఈ దేశం వచ్చిన మనిషి. యాభై రెండేళ్ళు. పరామర్శకి వెళ్ళినప్పుడు వాళ్ళ గరాజ్‌లో విప్పని అట్టపెట్టెలో టెలిస్కోపు కనిపించింది. రిటైరయ్యాక నక్షత్రాలు చూద్దామని కొనిపెట్టుకున్నారట. ఆ పెట్టె చూసి వచ్చిన రోజునుంచీ మా వారు కొంచెం మారారు. అందుకని, కారు వస్తే రానీ అనుకున్నాను.

అసలు పేచీ ఫిబ్రవరిలో వచ్చింది. "ఏప్రిల్లో మేం ఆరుగురం ట్రాక్ డేకి వెళ్తున్నాం" అన్నారు అన్నంలో పెరుగు కలుపుకుంటూ. ట్రాక్ డే అంటే ఏమిటో నాకప్పుడు తెలీదు. రేసేమో అనుకుని గుండె జారింది. రేసు కాదండీ. రేసులు జరిగే ట్రాకుని ఏదో ఒక క్లబ్బు ఒక రోజుకి అద్దెకి తీసుకుంటుంది. మామూలు జనం తమ కార్లు తెచ్చుకుని, ఫీజు కట్టి, అక్కడ నడుపుతారు. మొదటి స్థానం, కప్పూ, పోటీ ఏవీ ఉండవు. అనుభవాన్ని బట్టి మనుషుల్ని గ్రూపులుగా విడగొట్టి, ఒక్కో గ్రూపుని ఇరవై నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు లోపలికి వదులుతారు. ఎదురు బండి రాదు, సిగ్నళ్ళు లేవు, పోలీసు లేడు.

"అక్కడ ఎవరైనా నేర్పుతారా?" అన్నాను.

"ఇరవై అయిదేళ్ళుగా డ్రైవ్ చేస్తున్నాను, ఇంకా నాకు నేర్పేదేముంది? యూట్యూబులో ట్రాకు చూసి వెళ్తే చాలు."

ఆ మాట నాకు నచ్చలేదు. కానీ వద్దు అని కూడా అనలేకపోయాను. టెలిస్కోపు పెట్టె నా కళ్ళలోనూ ఉంది.

ఇక్కడ ఇంకొకావిడ సంగతి చెప్పాలి. పేరూ ఊరూ చెప్పను. ఒక గృహప్రవేశంలో కలిసింది. వాళ్ళాయన ట్రాకుకి వెళ్ళి కారుని గోడకి కొట్టారు. మనిషికి భుజం విరగడంతో పోయింది, కారు మాత్రం మిగల్లేదు. ఇన్సూరెన్సు వాళ్ళు రేస్ ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వమని ఉత్తరం పంపారు. పాలసీలో ఆ ముక్క ముందునుంచీ ఉందట. ఆవిడ నాతో అన్న మాట ఇన్సూరెన్సు గురించి కాదు. "హాస్పిటల్ నుంచి ఫోనొచ్చేదాకా ఆయన ఆఫీసు పని మీద వెళ్ళారనుకుంటున్నానండీ" అంది. చేతిలో పాయసం గిన్నె అలాగే ఉంది, స్పూను తిప్పుతూనే ఉంది, తినలేదు.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. ఆయన ఎందుకు చెప్పలేదు? చెబితే ఆవిడ వద్దంటుందని. మరి ఆవిడ వద్దంటుందని ఆయనకెలా తెలుసు? ఇన్నేళ్ళుగా అలాంటివన్నీ వద్దనే అంది కనక. నా కాపురంలోనూ ఎన్ని 'వద్దు'లు ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఇక్కడినుంచే మొదలవుతుంది. మగవాళ్ళు ట్రాకుకి వెళ్తామంటే మనం వద్దనకూడదు. అలాగని "మీ ఇష్టం" అని టీవీ వైపు తిరిగి కూర్చోనూ కూడదు. ఏ ట్రాకు, ఎవరితో అన్నది మనం కూడా కూర్చుని చూడాలి.

ఈ మాటకి మా చెల్లెలు ఫోన్లో నన్ను కడిగేసింది. "బాగుందే! ఆయన సరదాకి కూడా నువ్వే హోంవర్క్ చేయాలా? ఆయన డబ్బు, ఆయన శనివారం, నీకు చాకిరీ!" దాని మాటలో తప్పు లేదు. పిల్లల డెంటిస్టు దగ్గర్నుంచి అత్తగారి వీసా దాకా అన్నీ మన నెత్తినే ఉన్నాయి, ఇదొకటి తక్కువా? నాకూ కోపమొచ్చింది. కాకపోతే ఒకటి. ఏదైనా జరిగితే ఫోను ఎత్తేది నేను. ఫోను ఎత్తేవాళ్ళకి ముందు మాట్లాడే హక్కుంది. బదులుగా ఒక శనివారం నాకూ రాయించుకున్నాను, అది వేరే సంగతి.

సరే, చూడటం మొదలుపెట్టాను. మొదట తెలుసుకున్నదేమిటంటే, ట్రాకు కంటే ముందు గ్రూపుని చూడాలి. పెళ్ళి సంబంధానికి వెళ్ళినప్పుడు మేడ ఎన్నంతస్తులో చూసి వచ్చేస్తామా? మనుషులెలాంటివాళ్ళో కనుక్కుంటాం. ఇదీ అంతే. ఒకే ట్రాకుని సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు అద్దెకి తీసుకుంటారు. మలుపులు అవే, గోడలు అవే, పద్ధతులు మాత్రం వేరు.

మా వారి స్నేహితులు ఎంచుకున్న రోజు తీరు ఇలా ఉంది. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు లేరు. ఎక్కడ పడితే అక్కడ ఒకర్నొకరు దాటిపోవచ్చు. కారు ఎలా ఉందో మన కారు మనమే చూసుకుని సంతకం పెట్టాలి. ఫీజు తక్కువ. అనుభవమున్న వాళ్ళకి అది చక్కటి రోజే కావచ్చు. స్టీరింగుకి రెండు చేతులూ పెట్టి ఎన్నేళ్ళయిందో తెలియని మనిషికి మాత్రం కాదు.

రెండో రకం వాళ్ళు వేరే ఉన్నారు. 1955లో మొదలైన పోర్షా క్లబ్బు, బీఎండబ్ల్యూ క్లబ్బు, ఇంకా నాసా. నాసా అంటే మీరనుకునేది కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. (మా అత్తగారికి తెనాలి ఫోన్ చేసి "అమ్మా, నాసా వాళ్ళ క్లాసులు చూస్తున్నా" అన్నారీయన. మర్నాటికల్లా వీధంతా మా వారు రాకెట్లు పంపిస్తున్నారని చెప్పుకుంది. ఇప్పటికీ సరిదిద్దలేదు, ఆవిడ సంతోషం ఎందుకు పాడుచేయాలి.) ఇలాంటి క్లబ్బులు చేసేదాన్ని డ్రైవర్ ఎడ్యుకేషన్ అంటారు. కొత్తవాళ్ళ గ్రూపులో ప్రతి కారులోనూ పక్క సీట్లో ఒక ఇన్‌స్ట్రక్టరు కూర్చుంటారు. ముందు క్లాసు చెబుతారు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదముంది, నెమ్మదించు, ఎవర్నీ దాటకు. ఎరుపు అంటే అదుపులో ఉంచుకుంటూ ఆగిపో. నలుపు అంటే లోపలికి రా, నీతో మాట్లాడాలి. దాటడం తిన్నటి దారుల్లో కొన్నిచోట్లే. అదీ ముందున్న మనిషి కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి "ఇటువైపునుంచి వెళ్ళు" అని చూపిస్తేనే. ఆ నియమం నాకు భలే నచ్చింది. 101 మీద కూడా పెడితే బాగుండును.

గ్రూపు అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది, అసలు తగాదా అక్కడే వచ్చింది. క్లబ్బు దరఖాస్తులో అనుభవం ఎంత అని అడుగుతారు. దాన్ని బట్టి కొత్తవాళ్ళు, మధ్యవాళ్ళు, ఆరితేరినవాళ్ళు అని వేస్తారు. మా వారు "మధ్య" అని టిక్కు పెట్టబోయారు. కంప్యూటర్ ముందు నేను పక్కనే ఉన్నాను.

"ఎన్నిసార్లు వెళ్ళారు ట్రాకుకి?"

"వెళ్ళలేదనుకో. కానీ కొత్తవాళ్ళంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళుంటారు, వాళ్ళతో నేనేం చేస్తాను?"

"మొదటిరోజు బడికెళ్ళే పిల్లాడు రెండో తరగతిలో కూర్చుంటానంటే మీరేమంటారు?"

ఆయన మౌజు అక్కడే పెట్టేసి లేచి వెళ్ళారు. అరగంట తర్వాత వచ్చి "కొత్తవాళ్ళు" అని టిక్కు పెట్టారు. నాతో మాట్లాడింది మాత్రం మర్నాడు.

ఎందుకంత పట్టు పట్టానంటే, మధ్య గ్రూపులోకి వెళ్తే అక్కడ అందరూ ఈయనకంటే వేగంగా పోతారు. ఈయన అద్దంలో చూసుకుంటూ, సిగ్గుపడుతూ, తనకి రాని వేగంతో పోవాలి. కొత్తవాళ్ళ గ్రూపులో ఎవరికీ ఏమీ రాదు, సిగ్గు లేదు. వయసు పెరిగిన మగవాళ్ళకి కొత్తగా నేర్చుకోవడానికి ఇలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయి చెప్పండి? మనకైతే యోగా క్లాసులో వెనక వరసలో నిలబడటానికి మొహమాటం ఉండదు.

ఇక ట్రాకు. మేముండే ఫ్రీమాంట్ నుంచి కారులో వెళ్ళగలిగినవి మూడు. మా వారి మనసు లగూనా సెకా మీద ఉంది. మాంటెరే దగ్గర, గంటన్నర దూరం. స్పానిష్‌లో ఆ పేరుకి ఎండిన చెరువని అర్థమట. 1957లో కట్టారు, 2.238 మైళ్ళు, పదకొండు మలుపులు. పెళ్ళికి ముందు బ్యాచిలర్ రూములో గ్రాన్ టురిస్మో అనే వీడియో గేములో రాత్రంతా ఆ ట్రాకు మీదే తిరిగేవారట. అందులో కార్క్‌స్క్రూ అని ఒకచోట ఉంది. కొండ ఎక్కి వెళ్తుంటే ఎదురుగా ఆకాశమే కనిపిస్తుంది, దారి కనిపించదు. అక్కడ ఎడమకి తిప్పి వెంటనే కుడికి తిప్పాలి. ఆ కాస్త దూరంలోనే 59 అడుగులు కిందికి దిగిపోతారు, అయిదంతస్తుల మేడ ఎత్తు. కనపడని మలుపు వైపు నమ్మకంతో స్టీరింగు తిప్పాలన్నమాట. అదీకాక అక్కడ శబ్దం మీద కూడా గట్టి పట్టింపు. చాలా ట్రాక్ డేల్లో 90, 92 డెసిబెల్స్ దాటితే ఇంటికి పంపించేస్తారు. చుట్టూ ఇళ్ళున్నాయి మరి.

రెండోది సొనోమా. ఇంకా దగ్గర. 2.52 మైళ్ళు, ఎత్తుపల్లాలు ఎక్కువ, కొన్నిచోట్ల గోడలు దారికి బాగా దగ్గరగా ఉంటాయి. వీడియో చూస్తుంటేనే నాకు కాళ్ళు బిగుసుకున్నాయి. దాని గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు.

మూడోది థండర్‌హిల్. శాక్రమెంటో దాటి, విల్లోస్ అనే చిన్న ఊరి పక్కన. మాకు రెండున్నర గంటలు. ముందురోజు రాత్రే వెళ్ళి మోటెల్లో పడుకోవాలి, పెద్ద పేరు కూడా లేదు. ఈయన స్నేహితులు "అక్కడేముంది, గడ్డి!" అన్నారు. నాకు కావలసింది ఆ గడ్డే. మూడు మైళ్ళ ట్రాకు, చాలా మలుపుల బయట వైపు గోడ బదులు మట్టి, గడ్డి. తప్పు చేసిన కారు దుమ్ము కొట్టుకుని, చాలాదూరం పోయి, తనంతట తానే ఆగుతుంది. దాన్ని నడిపేది కూడా కార్ల క్లబ్బే, ఎస్.సి.సి.ఏ. వాళ్ళ శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ.

గోడలున్న ట్రాకులు చెడ్డవని నేననను. తప్పులు చేసే వయసులో తప్పుకి ఎంత ఖరీదు పడుతుందో చూసుకోవాలంటాను. సైకిల్ నేర్చుకునే పిల్లని కాలవగట్టు మీద వదలం, మైదానంలో వదులుతాం. లగూనా సెకా కల పెద్దదే, ఎవరు కాదన్నారు? అక్కడికి మూడోసారో నాలుగోసారో వెళ్ళండి అన్నాను. వాట్సాప్‌లో ఆరుగురిలో ఇద్దరు మాతో వచ్చారు. మిగతా ముగ్గురూ తమ దారిన వెళ్ళి క్షేమంగానే వచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి.

ఖర్చు మాట త్వరగా ముగిస్తాను. ఫీజు ఒక్కటే చూడకండి. ఇంట్లో ఉన్న మామూలు పాలసీ చాలావరకు ట్రాకు మీద పనిచేయదు. నేర్చుకునే రోజైనా సరే, మీ కాగితం తీసి చదవండి. ఒక్కరోజుకి కారుకి మాత్రమే విడిగా ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళున్నారు, మేం కొన్నాం. టర్మ్ లైఫ్ తీసుకునేటప్పుడు మోటార్ రేసింగ్ లాంటి సరదాలున్నాయా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాయించకండి. హెల్మెట్ మోటార్ సైకిల్‌ది కాదు, ఎస్.ఏ. అని ముద్ర ఉన్నది కావాలి. లోపలి గుడ్డ మంటకి తట్టుకుంటుంది. బ్రేకుల్లో నూనె కొత్తగా పోయించాలి. పాతబడిన నూనె నీళ్ళు పీల్చుకుని వేడికి మరుగుతుంది, అప్పుడు పెడల్ తొక్కితే నేలకి దిగుతుంది గానీ కారు ఆగదు. చక్రాలు, బ్రేకు మందం, బోల్టుల బిగువు అన్నీ చూసి ఎవరో సంతకం పెట్టనిదే లోపలికి రానివ్వని క్లబ్బుని విసుక్కోకండి. టాపు తీసే కార్లకైతే రోల్ బార్ లేనిదే రావద్దనే క్లబ్బులు చాలా ఉన్నాయి. మా స్నేహితుడొకాయన మియాటా తీసుకెళ్తానంటే కుదరదన్నారు. ఆయన ఆ క్లబ్బుని తిట్టాడు. నాకు మాత్రం అదే యోగ్యతా పత్రంలా కనిపించింది.

మే నెలలో వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం, ఐసు పెట్టె, గొడుగు, మడత కుర్చీలు. నేనూ, పదకొండో తరగతి చదివే మా అమ్మాయీ మా వ్యానులో వెనక బయల్దేరాం. విలియమ్స్ దాటాక దారికి అటూ ఇటూ వరి మళ్ళు. నీళ్ళు పెట్టి, ఆకాశం అందులో పడి మెరుస్తున్నాయి. చిన్న విమానమొకటి మడి మీద తక్కువ ఎత్తులో వెళ్తూ ఏదో చల్లుతోంది. విత్తనాలట! నానబెట్టిన వడ్లు విమానంలోంచి చల్లుతారు. అత్తగారికి వీడియో తీసి పంపాను. "నారు పోయరా? నాట్లు వేయరా? ఆడకూలీలకి పనేముంటుంది మరి?" అని వెంటనే అడిగింది. ఆవిడ అడిగేదెప్పుడూ అలాగే ఉంటుంది.

మా వారికిచ్చిన ఇన్‌స్ట్రక్టరు ఒకావిడ. అరవై దాటి ఉంటుంది, తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, రిటైరైన లెక్కల టీచరు. ఈయన మొహం చూడాలి! ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపల ఉన్న నీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె తీయించి, ఈయన సీటు ముందుకి జరిపించింది. పాతికేళ్ళుగా ఈయన పడుకున్నట్టు కూర్చుని నడుపుతున్నారని నేననే మాటే అది. నేనంటే శల్య సారథ్యం, ఆవిడంటే శిక్షణ.

బి.ఏ.లో మాకు నలుడి కథ ఉండేది. శ్రీనాథుడి శృంగార నైషధం పెళ్ళి ముచ్చట్లతోనే ఆగిపోతుంది కనక, రథం తోలిన కథంతా నన్నయగారి అరణ్యపర్వంలో చదువుకున్నాం. బాహుకుడి వేషంలో నలుడు రథం తోలుతుంటే ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపడుతుంది. ఆపమనేలోపే అది ఆమడ దూరం వెనకబడిపోతుంది. అంత వేగంలోనూ ఋతుపర్ణుడు సారథి మీద అరవలేదు. తర్వాత ఇద్దరూ ఒకరి విద్య ఒకరికి చెప్పుకున్నారు. ఇటు కర్ణుడి రథం మీద శల్యుడున్నాడు, నోరు మూయడు, ఉన్న ధైర్యాన్ని తీస్తాడు. రథం ఎలాంటిదన్నది కాదు, దాంట్లో రెండో మనిషి ఎవరన్నది ఆ కథల్లో మొత్తం తేల్చేస్తుంది. ఆ రోజు కంచె పక్కన నిలబడి నాకదే గుర్తొచ్చింది.

ఎందుకంటే మా కథలో శల్యుడు ఆయనే. 2009లో నాకు ఎలిమెంటరీ స్కూలు పార్కింగులో కారు నేర్పినప్పుడు "బ్రేక్! బ్రేక్ అంటుంటే!" అని అరిచిన అరుపులకి నేను రెండుసార్లు డ్రైవింగ్ పరీక్ష తప్పాను. ఇప్పటికీ ఆయన పక్కనుంటే స్టీరింగు ముట్టుకోను. ఆయన నడుపుతుంటే నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంటుంది. ఇద్దరికిద్దరం.

రెండో సెషన్లో అయింది. ఒక ఎడమ మలుపులో ఈయన ఉన్నట్టుండి కాలు తీసేశారు. కారు వెనకభాగం బయటికి జారింది. ఎర్ర కారు గిర్రున తిరిగి దుమ్ములోకి పోయింది. నాకు కనిపించింది దుమ్మే. అందులో కారు ఉందో లేదో తెలీదు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఎంతసేపో చెప్పలేను. దుమ్ము పక్కకి పోయాక కారు గడ్డిలో వెనక్కి తిరిగి నిలబడి ఉంది. కాసేపాగి మెల్లిగా కదిలి లోపలికి వచ్చింది. నాలుగు చక్రాలూ బయటికి పోతే వచ్చి మాట్లాడి వెళ్ళాలని అక్కడ నియమం. అక్కడ గోడ ఉండి ఉంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ రాత్రుళ్ళు వస్తుంది. నేను ఎంచిన ట్రాకే కదా, అయినా వస్తుంది.

హెల్మెట్ తీసినప్పుడు ఆయన జుట్టంతా తడి. నేను అడగకముందే చెప్పారు: "ఆవిడ అరవలేదు." కారు తిరుగుతుంటే కూడా మైకులో మామూలు గొంతుతోనే, రెండు కాళ్ళూ తొక్కి పట్టు, క్లచ్చూ బ్రేకూ, అన్నదట. ఆగాక, ఇప్పుడు ఊపిరి తీసుకో అన్నదట. తర్వాత, ఎటు చూస్తున్నావప్పుడు అని అడిగిందట. గడ్డి వైపు చూశాను అన్నారట. మనిషి ఎటు చూస్తే కారు అటే పోతుంది, నువ్వు గడ్డి చూశావు, గడ్డికి వెళ్ళావు, అన్నదట.

మధ్యాహ్నం ఎండ బాగా ఎక్కింది. చివరి సెషన్ మిగిలింది. అలసిపోయినప్పుడు, ఇంకొక్కసారి అనుకున్నప్పుడే పొరపాట్లు జరుగుతాయని అక్కడ అందరూ అనుకునే మాట. నేను నోరు తెరవలేదు, ఒట్టు. ఆయనే వెళ్ళి ఆవిడతో ఈ పూటకి చాలు అన్నారు. ఆవిడ చెయ్యి కలిపి, మంచి డ్రైవర్లు అలాగే ఆపుతారు అంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు, వేళాకోళం చేయలేదు. కట్టిన డబ్బులో నాలుగో వంతు వదిలేసి వస్తే కూడా తల కొట్టేసినట్టు అనిపించని గుంపు అది. గ్రూపు మంచిదో కాదో తేల్చడానికి ఇంతకంటే పరీక్ష నాకు కనపడలేదు. మీరూ పాతవాళ్ళని అడిగేటప్పుడు ఎంత వేగంగా పోనిస్తారని కాకుండా, మధ్యలో మానేస్తే ఏమంటారని అడగండి.

ఇండియాలో ఉన్న అక్కచెల్లెళ్ళు "మాకెందుకమ్మా ఇవన్నీ" అనుకోవచ్చు. మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో ఉంటాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు జరిగినప్పుడు చూసొచ్చి, వాళ్ళ నాన్న కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి ఎంత తొక్కాడో నాకు గొప్పగా మెసేజ్ పెట్టాడు. వాణ్ణి తిట్టలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వేలో ట్రాకులున్నాయి, అక్కడ నేర్పేవాళ్ళ వివరాలు కనుక్కుని నాకు చెప్పు, ఫీజు నేను కడతాను అన్నాను. వాడి అమ్మకి నా మీద కోపంగా ఉంది. రోడ్డు మీద ఎదుటివాళ్ళ పిల్లలు కూడా ఉంటారు వదినా అంటే అర్థం చేసుకుంటుందనే అనుకుంటున్నాను.

జులైలో మా అమ్మాయికి లెర్నర్ పర్మిట్ వచ్చింది. కాలిఫోర్నియాలో పిల్లలు లైసెన్సుకి ముందు పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని 50 గంటలు నడపాలి. ఆ ఎలిమెంటరీ స్కూలు పార్కింగే. నేను వెనక సీట్లో గట్టిగా బెల్టు పెట్టుకుని కూర్చున్నాను, 2009 అరుపుల కోసం చెవులు రిక్కించి. మలుపులో అది అరుగు మీదికి ఎక్కించబోయింది. "ఎటు చూస్తున్నావు నాన్నా?" అన్నారాయన, మామూలు గొంతుతో. "అరుగు వైపు." "వెళ్ళాల్సిన వైపు చూడు. ఊపిరి తీసుకో."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమా, పదహారేళ్ళ క్రితంది గుర్తొచ్చా అంటే, రెండూ. ఆ రాత్రి అడిగాను, "అప్పుడు నా మీద అరిచారెందుకు?" అని. చాలాసేపటికి, "నాకూ భయమేసింది, చెప్పడం రాలేదు" అన్నారు. ఈ మాట 2009లో అని ఉంటే నేను పరీక్ష ఒక్కసారికే గట్టెక్కేదాన్ని.

అమ్మాయిని స్ట్రీట్ సర్వైవల్ అనే ఒక్కరోజు శిక్షణకి రాయించాం. బీఎండబ్ల్యూ క్లబ్బు ఫౌండేషన్ వాళ్ళు నడుపుతారు, టీనేజి పిల్లలకి. ట్రాకు కాదు, పెద్ద ఖాళీ పార్కింగు స్థలం. వాళ్ళింట్లో కారుతోనే నేర్పుతారు. తడి నేల మీద గట్టిగా బ్రేకు వేస్తే కారు ఏం చేస్తుందో, జారితే ఎలా సర్దాలో పక్కన మనిషి కూర్చుని చూపిస్తారు. ఇంట్లో టీనేజి పిల్లలున్న ఇక్కడివాళ్ళందరూ ఇదొకటి తప్పక కనుక్కోండి. నాన్నల ట్రాక్ డే కంటే ముందు పిల్లలకిది.

అక్టోబర్లో మా వారు మళ్ళీ థండర్‌హిల్ వెళ్తున్నారు, అదే క్లబ్బు, కొత్తవాళ్ళ గ్రూపే. లగూనా సెకా వచ్చే వసంతానికి చూద్దామని ఆయనే అన్నారు. నాకు రాసిచ్చిన శనివారం కూడా అదే రోజుకి మార్చుకున్నాను. ఎందుకంటే ఆ లెక్కల టీచరు మొన్న మెయిల్ రాసింది, మీ ఆవిడ ఎందుకు రాదు, ఆమె వ్యానుతోనే రావచ్చేమో క్లబ్బుని అడగమని. క్లబ్బు వాళ్ళు వ్యాను ఎత్తు ఎక్కువ, కుదరదన్నారు. ఎర్ర కారులో అయితే మాకిద్దరికీ వేర్వేరు సెషన్లు రాస్తారట. నా పక్క సీట్లో ఆవిడే ఉంటుంది, మా వారు కాదు. ఆ షరతు రాతలో తీసుకున్నాను.

నిన్న బట్టలు కొలిచే టేపుతో తల కొలుచుకున్నాను. 56 సెంటీమీటర్లు. ముడి వేసుకుంటే హెల్మెట్ దిగదట. జడే వేసుకోవాలి.